ఎనిమిది మార్కుల ప్రశ్న

ప్రశ్నపత్రం తయారుచెయ్యమని కవరొచ్చింది.
గుంటూరు, బ్రాడీపేట నాలుగో లైను, మేడమీది గది.
కరెంటు పోయిన మధ్యాహ్నం
తొమ్మిదో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది:
"కింది చిన్న కవితలో యౌవనపు తిరుగుబాటు, దాని ఫలితం
ఎట్లు చిత్రితమైనవో వివరింపుము."
కవిత అచ్చయినదై ఉండాలని రూలు.
నాకు గుర్తొచ్చింది ఎక్కడా అచ్చు కాలేదు.

    గోడ మీద గాజుపెంకులు గుచ్చారు.
    దొంగలు రాకుండానట.
    మరి మొనలన్నీ
    మా వైపు వంగాయేం?

బెజవాడ అవతల, నిడమానూరులో హాస్టలు. ఇంటర్ రెండో ఏడు.
నాలుగింటికి గంట, నాలుగుంపావుకి పుస్తకం.
ఆదివారం రూపాయి బిళ్ల పట్టుకుని ఫోను ముందు నిలబడితే
మన వంతు వచ్చేసరికి మళ్లీ గంట.

కవిత దరియావలిది. రాత నాది.
వాడి అక్షరాలు తడిసిన కోడిపిల్లలు,
ఒకదాని మీద ఒకటి పడి ముడుచుకునేవి.
నాది ముత్యాల రాత,
సగం క్లాసు రికార్డులు నా చేతే రాయించుకునేది.
పెయింటర్లు మరిచిపోయిన రెడాక్సైడ్ డబ్బా,
నీళ్ల ట్యాంకు, నిచ్చెన.
వాడు కింద నిలబడి చెప్పాడు, నేను పైనుంచి రాశాను.
చివర ప్రశ్నార్థకం పెట్టాలా అని అడిగితే
"పెట్టరా, లేకపోతే వాళ్లకి అర్థం కాదు" అన్నాడు.

తెల్లారి వార్డెను కోటిలింగం గారు
నూట పన్నెండు తెల్లకాగితాలు పంచారు.
"ఆ నాలుగు ముక్కలూ అందరూ రాయండి. రాత పట్టుకుంటా."
ఒక్క పూటలో నూట పన్నెండు ప్రతులు!
బైపీసీ కుర్రాడొకడు రాస్తూ రాస్తూ నవ్వాడు,
అప్పుడే అర్థమైనట్టు.
ఇంకొకడు ఊరికే ఏడ్చాడు.

నేను ఎడంచేత్తో రాశాను.

దరియావలి తల వంచుకుని చాలాసేపు రాశాడు.
నా తలకట్టు, నా గుడిదీర్ఘం, 'మ' చివర నేను లాగే తోక,
రెండేళ్లు పక్కన కూర్చుని చూసినవన్నీ
మొట్టమొదటిసారి అంత అందంగా దించాడు.

సాయంత్రం వాళ్ల నాన్న వచ్చాడు, ప్రత్తిపాడు నుంచి.
ఆఫీసు గది బయటే చెప్పులు విప్పాడు.
కట్టిన ఫీజు తిరిగి రాదని వార్డెను రెండుసార్లు చెబితే
రెండుసార్లూ తలూపాడు.
ఏం రాశావని కొడుకుని అడగలేదు.
ట్రంకుపెట్టె నెత్తికెత్తుకున్నాడు.
వలి వెనక్కి చూస్తాడేమోనని
నేను స్తంభం చాటుకి జరిగాను.
చూశాడో లేదో అందుకే తెలీదు.

మొన్న మా ఇంటాయన కాయలమ్ముతుంటే
తోడుగా మిర్చి యార్డుకి వెళ్లాను.
తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు,
మనిషి పట్టని సందుల్లో టిక్కీల గుట్టలు.
ఒక టిక్కీ మీద, నల్ల మార్కరుతో,
మేడికొండూరు రైతు పేరు, లాటు నంబరు.
నా చేతిరాత.
'మ' చివర ఆ తోక.
ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద సుద్దతో గీకి గీకి
నా దగ్గర అరిగిపోయిన తోక.

రాస్తున్నతను తలెత్తాడు. ముక్కుకి తువ్వాలు, కళ్లు ఎర్రగా.
"ఏం సార్, తేజానా, బాడిగా?"
గుర్తుపట్టి అడిగాడో, బేరగాడిననుకున్నాడో.
"తేజా" అన్నాను,
నాకేదో కాయలు కావాల్సినట్టు.
దగ్గి, పక్క టిక్కీ మీదికి వంగాడు.

తొమ్మిదో ప్రశ్నకి వేరే కవిత దొరికింది.
అచ్చయినదే. తిరుగుబాటు రెండో పాదంలో,
ఫలితం ఆఖరి పాదంలో. పిల్లలకి తేలిక.
కవరు అంటించి, లక్క ముద్ర వేసి,
చిత్తుకాగితం వెనక
ఎడంచేత్తో ఆ నాలుగు పాదాలూ రాసి చూశాను.
'వంగాయేం' దాకా వచ్చింది.
ప్రశ్నార్థకం మాత్రం తిరగలేదు.