అనుపానం

డిసెంబరు పది. సున్నాకి కింద పద్ధెనిమిది.
ఒంటొనాగన్ దాటాక, ఐనో హౌతాలా బంగాళాదుంప చేలో
మంచు తవ్వి మడత బల్ల వేశాం.
నాలుగు మందు డబ్బాలు, ఐదు రకాల ప్రైమర్లు,
నేను నడిపే బడిబస్సు లాగ్ పుస్తకం,
దాని వెనక ఖాళీ పేజీలు.

పోయినేడాది నలభై గజాల్లో నిలబడ్డ మగదుప్పి
నా తుపాకీ 'టక్' మనడం విని
తలెత్తి నన్ను చూసి
నడుచుకుంటూ వెళ్ళిపోయింది.
పరిగెత్తలేదు కూడా.
ఆ మాట ఒక్క ఐనోకే చెప్పాను. నవ్వలేదు.
"ఏ ప్రైమర్ వాడావు?" అన్నాడు.

ఏ మందుకైనా అనుపానం కుదరాలి.
మొదటి డబ్బాలోది అసలైన నల్లటిది, గంధకం కంపు,
దానికి తొందరెక్కువ.
పదకొండో నంబరు రాగి టోపీ చిటికేస్తే చాలు, లేచి కూచుంటుంది.
రెండోది దాని బదులు పుట్టింది.
చిటిక వింటుంది గానీ లేవదు,
కాస్త పెద్ద నిప్పుతో గదమాలి.
మూడోదానికి మంట ఎక్కువైతే
మాడిన పాలగిన్నెలా గొట్టం అడుగున పెచ్చు కడుతుంది,
రెండో గుండు సగంలోనే బిగుసుకుంటుంది.
దానికి మెత్తటి ప్రైమరే మేలు.
నాలుగోది మొండిఘటం.
షాట్‌గన్ ప్రైమర్లలోకెల్లా వేడిదే కావాలి,
అదీ గూట్లో వదులు లేకుండా కూర్చోవాలి.

ఇవన్నీ డబ్బాల మీద రాసే ఉంటాయి.
ఐనో డబ్బాలని నమ్మడు.
"కొట్లో వేడిగా ఉంటుంది మార్లిస్,
ఇక్కడ కాల్చి చూడు."

ముందు ఉత్త ప్రైమర్ పేల్చి గొట్టంలో నూనె తడి ఆర్చాం.
తర్వాత ఒక్కోటీ.
పొగ కదలడం లేదు, చలికి అదీ బిగుసుకుపోయినట్టుంది.
మొండి మందు మీద మెత్తటి ప్రైమర్ కావాలనే పెట్టించాడు.
"ఇది చెడితే ఎలా చెడుతుందో తెలియాలి."

టక్.

అంతే.

దించకూడదు. తెరవకూడదు.
గొట్టం మట్టిగట్టు వైపే, నిండా ఒక నిమిషం.
నా పక్కన నిలబడి తన భాషలో లెక్కపెడుతున్నాడు,
యుక్సి, కాక్సి, కోల్మె,
మీసం మీద ఊపిరి గడ్డకడుతోంది.

ఇరవై మూడు దగ్గర ఆగాడు.

"ఊర్హో ఆగలేదు.
తాత తుపాకీ. నాకు పద్నాలుగు, వాడికి పదకొండు.
టోపీ పేలింది, మందు అంటుకోలేదనుకున్నాడు.
ఏమైందోనని గొట్టంలోకి చూశాడు.
ఆ టోపీల డబ్బా నేను కొన్నదే.
తడిసిందని సగం ధరకిచ్చారు.
పదిహేను సెంట్లు మిగిలాయి."

నా భుజం నొప్పి పుడుతోంది.
తల తిప్పలేను, తుపాకీ అటే చూడాలి.
ఆ ముక్క నా మొహం చూసి చెప్పలేకే
ఈ నిమిషం దాకా ఆగాడేమో, నాకేం తెలుసు.
చెట్ల అవతల సుపీరియర్ సరస్సు మంచు
ఎక్కడో పగిలిన చప్పుడు.

"కాక్సికుమ్మెంతా నెల్యా," అన్నాడు.
ఇరవై నాలుగు.
అరవై దాకా ఒక్క అంకె కూడా తడబడలేదు.

అడుగు మర విప్పాం. మందు చెక్కుచెదరలేదు,
అంచున నాలుగు గింజలు మాత్రం కమిలాయి.
నేను రాశాను:
నాలుగో డబ్బా, మెత్తటి ప్రైమర్, వద్దు.
ఆగింది అరవై సెకన్లు.

కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు.
"అరవై తప్పు. నేను మాట్లాడినంతసేపూ లెక్క ఆగింది.
అదీ కలుపు."

ఎంతని కలపను?

జవాబివ్వలేదు. డబ్బాల మూతలు
ఒక్కొక్కటే బిగిస్తున్నాడు,
బిగించినదాన్నే మళ్ళీ బిగిస్తున్నాడు.
అరవై కొట్టేశాను.
ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.