ఒక గాటు ఎక్కువ

హిడెన్‌జే దీవిలో నేను సమాధిరాళ్లు చెక్కేవాణ్ణి.
మావాళ్లలో సగంమందికి అక్షరమ్ముక్క రాదు,
అయినా ఏ పడవ ఎవరిదో, ఏ గొర్రె ఎవరిదో
పోట్లాట రాలేదెప్పుడూ.
ఇంటికో గుర్తు:
మూడు గీతలు, మహా అయితే ఐదు,
చలికి వేళ్లు కొంకర్లు పోయినా
కత్తిమొనతో దించగలిగినన్ని.
వంపులుండవు. చెక్క గుండ్రంగా తెగదు.

తెడ్డు మీద, వల బెండు మీద,
రొట్టెల పలక మీద, చర్చిలో కూర్చునే బల్ల మీద
అదే.
వసంతంలో హెర్రింగ్ చేపలు వచ్చే ముందు
వల వేసే చోట్లు పంచుకోవడానికి
గుర్తు చెక్కిన పుల్లలు టోపీలో వేసి
పసిపిల్లచేత తీయిస్తాం.
పేర్లు పిలవం. పుల్ల పైకెత్తితే చాలు.

మార్టెన్ ఇంటిది
ఒక నిలువు గీత, దాని నెత్తిన చూరులా రెండు వాలు గీతలు.
బాణమంటాడొకడు. తిరగేసిన లంగరంటాడు ఇంకొకడు.
వాళ్ల నాయనమ్మ గెషె కొంగకాలు అనేది.
నన్నడిగితే అది దేని బొమ్మా కాదు.
మార్టెన్ ఇల్లు. అంతే.

పెద్దకొడుక్కి అది ఉన్నదున్నట్టు దక్కుతుంది.
చిన్నవాడు పక్కన ఒక గాటు పెట్టుకోవాలి.
పన్నెండో ఏట హెన్నింగ్ తన మొదటి తెడ్డు మీద
నాన్న చెక్కిచ్చిన మూడు గీతల పక్కన
ఆ గాటు పెట్టుకున్న రోజు నేనక్కడే ఉన్నాను.
అక్కర్లేనంత లోతుగా దించాడు.
"తెడ్డు విరుగుద్దిరా" అని నవ్వాడు అన్న ఐలెర్ట్.

అక్టోబరులో ఐలెర్ట్ ఎక్కిన పడవ తిరిగి రాలేదు.
పదకొండో రోజు అల ఒక వల బెండును ఒడ్డుకు తోసింది.
చుట్టూ చేరాం. ఎవరూ నోరు విప్పలేదు.
చూరు కింద నిలువు గీత.
పక్కన ఏమీ లేదు.
ఆ ఏమీ లేనిచోటే తల్లి బొటనవేలితో తడిమింది,
నాచు గీకి గీకి తడిమింది,
ఒక్క గాటు తగిలితే
అది హెన్నింగ్ ఎప్పుడో పోగొట్టుకున్న పాత బెండని
ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఇప్పుడు ఇల్లు హెన్నింగ్‌ది. గుర్తూ అతనిదే.
గాటు తీసేయమన్నాడు పాస్టరు, మేనమామ కూడా అన్నాడు.
తెడ్డు పట్టుకుని నా కొట్టానికొచ్చాడు:
"ఎలా తీస్తారు దీన్ని?"
కత్తికి పెట్టడమే తెలుసు, తీయడం తెలీదు.
దాని లోతుదాకా చిత్రిక పట్టాలి,
అంతకంటే ముందే మీ నాన్న గీతలు పోతాయి
అని చెప్పాను.
కాసేపు చిత్రిక వైపు చూశాడు.
తెడ్డు భుజాన వేసుకుని, చలిలోకి.

ఐలెర్ట్ రాయి చెక్కాను. కింద మనిషి లేడు.
పేరడగలేదెవరూ, మూడు గీతలే.

ఈ వసంతంలో టోపీలోంచి మొదటి పుల్ల
పసిపిల్ల పైకెత్తింది:
చూరు, నిలువు గీత,
పక్కన గాటు,
ఆ ఇంట్లో పెద్దవాడింకా ఉన్నట్టే.