కోయని కాగితాలు

బెథెస్డాలో వాన ఆగదు, అలవాటవుతుంది.
చాపెల్ చదువుల గది మూసేస్తున్నారని
పుస్తకాలు అట్టపెట్టెల్లో తెచ్చి వసారాలో దింపారు.
ఎలునెడ్ ఒక్కటే తీసుకుంది,
వెన్ను ఊడిన దయ్యాల కథలు, పదమూడు.
ధర మీ ఇష్టం, హుండీలో వేయండి.

రాత్రి. హీటర్ పళ్ళు కొరుకుతోంది.
మొదటి కథలో గోడలో పూడ్చిన పెళ్ళికూతురు,
మూడోదాంట్లో ఇసుకలో ఎవరూ వేయని అడుగులు.
ఒళ్ళు జలదరించాల్సిన చోటల్లా
ఇంగ్లీషు వాక్యాల పక్కన వెల్ష్‌లో పెన్సిల్ రాత:
"టీ విరామంలో చదివాను. టీ చల్లారనేలేదు."
"ఈ దయ్యం తలుపు తట్టి వస్తుంది. పద్ధతి తెలిసింది."

నవ్వింది ఎలునెడ్. ఖాళీ ఇంట్లో
ఆ నవ్వు ఇంకెవరిదోలా వినిపించి
లేచి వంటింట్లో లైటు వేసొచ్చింది.

అట్ట లోపల పేరు: గ్రిఫిత్ పారీ, రాయి చీల్చేవాడు, 1931.

ఆరో కథలో మంచం కింద ఏదో ఊపిరి పీలుస్తుంది.
ఏడు పేజీలు పీలుస్తూనే ఉంటుంది.
పెన్సిల్ ఇక్కడ నొక్కి రాసింది, కాగితం గుంటపడింది:
"మా నాన్నది ఇంతకన్నా గట్టిగా వినబడుతుంది.
మంచం మీంచి."

ఆ తర్వాత రాతలు పలచబడ్డాయి.
ఎనిమిదిలో ఒక తేదీ.
తొమ్మిదిలో "మార్గెడ్ కిటికీ తీసింది. లాభం లేదు."
పదిలో కొవ్వొత్తి మైనం, ఒక చుక్క.
పన్నెండులో, పిశాచి మాయమయ్యే వాక్యం పక్కన
"నాకూ మొదలైంది."

కొండని పొరలు పొరలుగా విప్పి
ఎక్కడెక్కడి ఇళ్ళకో కప్పులేసిన ఊరు ఇది,
ఎవరెవరి పిల్లలకో పలకలిచ్చిన ఊరు.
పలక మీద రాసింది తడిగుడ్డతో పోతుంది.
పలకని పీలిస్తే పోదు.
ఎలునెడ్‌కి ఇది ఒకరు చెప్పాలా,
హాల్లో తాతయ్య ఫోటో నోరు కొంచెం తెరిచే ఉంటుంది.

పదమూడో కథని ఎవరూ కోయలేదు.
అచ్చాఫీసు మడిచిన మడత అలాగే ఉంది,
ఇన్నేళ్ళూ ఎవర్నీ భయపెట్టని దయ్యం
లోపల వెల్లకిలా పడుకుని.

వెన్న పూసే కత్తి తెచ్చింది.
మొదటి మడత చిన్న దగ్గులా విడిపోయి
బూడిదరంగు పొడి, చిటికెడు,
కథ పేరు మీద రాలింది.

పాత కాగితం కావచ్చు. బూజు కావచ్చు.
ఉఫ్ మని ఊదబోయి
ఆగిపోయింది.

ఊదాలంటే ముందు పీల్చాలి కదా.