ఒకే మాయ

పదకొండో ప్రశ్న దగ్గర
మా ఇద్దరి పెన్నులూ ఆగాయి.
నర్సు తెలుగులోకి తిప్పి మళ్ళీ చదివింది:
"కడుపులో మీ ఇద్దరికీ ఒకే మాయా, వేరువేరా?"

చెప్పగలిగిన మనిషి పోయి నాలుగేళ్ళు.
పురుడు పోసిన రంగమ్మత్తకి
ఇప్పుడు తన పేరే గుర్తుండదు.
నేను "తెలియదు" అని రాశాను.
నడుమ ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్న బిందుమతి
"ఒకటే" అని రాసింది.
ఎప్పుడూ ఇంతే.
తెలియనిదాని మీదే దానికి నమ్మకం జాస్తి.

మూడేళ్ళుగా మాటల్లేవు మాకు.
అమ్మ కుట్టుమిషను ఎవరింట ఉండాలన్న తగువు,
సూది బెజ్జమంత.
అందులో దూరిన దారమే పొడుగు.

ఈ పెద్దాసుపత్రి వాళ్ళకి కవలలు కావాలట.
నెత్తుట్లో ఐజీఈ ఎంతుందో,
అందులో పుట్టుక ఇచ్చిందెంతో, ఊరు పెట్టిందెంతో
చేటలో చెరిగినట్టు విడదీసి చూస్తారట.

గోడ అవతలే మార్కెట్టు.
తెల్లారుఝామున మూడింటి నుంచి
సేవంతి రాశుల్లో మోకాలిలోతున బిందు.
జాకెట్టు చేతులకి పుప్పొడి పసుపులా అంటుకుని ఉంటుంది.
ఒక్క తుమ్మెరగదు.
నేను నీటి బోర్డు రికార్డు గదిలో
పాత కొళాయి కనెక్షన్ల కట్ట ఒకటి విప్పితే
వరసగా ఏడు తుమ్ములు, ముక్కు దొండపండు.
మాఘంలో బెంగళూరు రోడ్ల మీద
గులాబీరంగు పూలు రాలుతుంటే
ఊరంతా ఫోటోలు దిగుతుంది,
నేను బస్సు అద్దం మూసుకుంటాను.
ఖాళీ సైట్లలో వయ్యారిభామ మొలిచిందంటే,
ఇక్కడివాళ్ళు కాంగ్రెస్ గిడ అంటారు,
కళ్ళకంటే ముందు ముక్కుకి కబురు.

అంచేత నెత్తురు నాది మండుతూ
దానిది చల్లగా ఉంటుందనుకున్నాను.

నాది తొమ్మిదివందల పన్నెండు.
దానిది ఎనిమిదివందల ఎనభైయేడు.

డాక్టర్ శరావతి, మా మేనకోడలి ఈడు పిల్ల,
అంకెల మీద వేలు పెట్టి చెప్పింది:
ఎంత ఉండాలన్నది
మీరు చాలామట్టుకు కడుపులోనే రాసుకొచ్చుంటారు.
అది దేని మీదకి ఉరుకుతుందో
అంత తేలిగ్గా చెప్పలేం.
ఒకరిలో ఉరుకుతుంది, ఒకరిలో ఊరికే కూర్చుంటుంది.
"యాకో గొత్తిల్ల అక్కా," అని నవ్వింది.
ఎందుకో వాళ్ళకీ తెలియదట.

ఊరికే కూర్చోవడం బిందుకి వచ్చని
నాకెప్పుడూ తోచలేదు.

అమ్మ పొద్దున్నే చీపురు పట్టుకోగానే మొదలయ్యేవి.
దుప్పటి కింద మేం లెక్కపెట్టేవాళ్ళం,
బేసి తుమ్ములు నావి, సరివి దానివి.
పధ్నాలుగు దాటిన రోజు ఇద్దరం గెలిచినట్టు.
ఆవిడ నగలేవీ మిగల్లేదు.
మిషను ఒక్కటే, అది రెండుగా కోయడానికి రాదు.
ఇదొకటి మాత్రం
పంచాయితీ లేకుండా, పెద్దమనుషులు లేకుండా
ఎప్పుడో పంచేసింది,
పాతిక తేడాతో.

గేటు బయట బస్సుల పొగ.
నాకొక తుమ్మొచ్చింది.
రోడ్డు దాటబోతున్న బిందు ఆగిపోయింది.
ఒంటితుమ్ము మీద అడుగు వెయ్యకూడదు కదా.
వెనక్కి తిరగలేదు.
ఎడంచెయ్యి వెనక్కి చాచి
నా కొంగు దొరకబుచ్చుకుంది.
"ఆగు," అంది, "నాది రానీ."

ఎంతసేపటికీ రాలేదు.
సిగ్నలు రెండుసార్లు పచ్చబడింది.
మేం అక్కడే నిలబడ్డాం.