రెండు షిఫ్టుల పరుపు

నేను పండుకునేది పగలు.
రాత్రంత వార్డుల సెలైన్ సీసాలు మార్చి
ఎనిమిదిన్నరకు బోరబండ మెట్లెక్కుత.
పైన స్లాబు. స్లాబు మీద మే నెల.
శ్రీశైలం అప్పటికే బస్సు మీద
రెండో ట్రిప్పుల ఉంటడు.
ఆరేండ్ల పెండ్లి, ఒకటే పరుపు,
ఆదివారం తప్ప
దాని మీద ఇద్దరం ఒక్కసారి ఉండం.

నడుమ గుంట పడ్డది.
గుంట ఆయనది, ఎనభై నాలుగు కిలోలు.
నేను అంచుకు పండుకున్నా
కన్నంటుకునే సరికి అందులకే వస్త,
నిమ్మకాయ పళ్లెం నడుమకు దొర్లినట్టు.
లేస్తే నడుము పట్టేస్తది.
ఇంక కొందామన్నడు.

ఎర్రగడ్డ దుకాణంల ముజీబ్ భాయ్
అరచెయ్యంత ముక్కలు బల్ల మీద పరిచిండు,
మిఠాయి రుచి చూపెట్టేటోని లెక్క.
"మెత్తగున్నదా అని నొక్కి చూడకు అక్కా,
బరువున్నదా అని ఎత్తి చూడు.
గట్టితనం వేలుకు తెలుస్తది,
మన్నిక కాటాకే తెలుస్తది."
మామూలు ఫోమ్ ముక్క ఎత్తితే
మరమరాల పొట్లమంత తేలిక.
"రెండు ఎండకాలాలు. మూడోది నీ అదృష్టం."

ఇంకోటి ఇచ్చిండు. చెయ్యి మొత్తం పెట్టి నొక్కిన.
చెయ్యి తీసినంక గూడ
నా చెయ్యి అక్కడనే ఉన్నది.
అయిదు వేళ్లు, ఉంగరం గీతతోని సహా.
మెల్లగ, మస్తు మెల్లగ, పోయింది.
"మెమొరీ ఫోమ్. యాది పెట్టుకుంటది.
ఒంటి వేడి గూడ యాది పెట్టుకుంటది,
అదే దాంతోని తిప్పలు."

నీలం జెల్ ముక్క చెంపకు ఆనిచ్చుకున్న,
కుండ మూత లెక్క చల్లగ.
ధర మాట్లాడుకుంట చేతిల్నే పట్టుకున్న.
పది నిమిషాలకు
అది గూడ నా అంత వేడెక్కింది.

ఆఖరిది లేటెక్స్. పాలరంగు, నిండ బెజ్జాలు,
పసిపిల్లలంత బరువు.
"ఊదు అక్కా," అన్నడు ముజీబ్ భాయ్.
ఇవతల నేను ఊదిన.
అవతల వంగి చూస్తున్న శ్రీశైలం
కండ్లు మూసిండు.
ఎన్ని రోజులైందో నా ఊపిరి ఆయనకు తగిలి.
"వేడి నిలవదు. పదేండ్లు గుంట పడదు.
మనిషి లేస్తే మనిషి లేనట్టే."

ఆ మాట నాకు నచ్చలే.
మా వార్డు పరుపులు గూడ గంతే.
రెగ్జిన్ మీద ఒక్క తడిగుడ్డ ఏస్తే
పొద్దున పోయిన మనిషి పేరు గూడ మిగలదు.
కానీ ఎండ ఎండే, నడుము నడుమే.
నెలకు రెండు వేల నాలుగు వందలు, పన్నెండు నెలలు.
దిండ్లు రెండు ఫ్రీ.

మొదటి రోజు పొద్దున వచ్చి చూస్తే
దుప్పటి సాఫుగ ఉన్నది, హోటల్ గది లెక్క.
పండుకునే ముందు అరచెయ్యితోని ఎతికిన,
ఇక్కడ పండుకుండెనా, ఇక్కడనా.
ఎక్కడ పట్టుకున్నా ఒకటే చల్లదనం.
అబద్ధమెందుకు, మూడింటి దాక లేవలే.
లేస్తే నడుము కథ చెప్పలే.
శ్రీశైలానికి ఫోన్ చేసి
మంచిగున్నది అన్న.
మంచిగనే ఉన్నది.

పాతదాన్ని డాబా మీద పడేసినం,
ప్లాస్టిక్ కవరు ఇంక తియ్యనేలే, ఆరేండ్ల సంది.
మొన్న ఈదురుగాలి, రాళ్లవాన.
తెల్లారి బట్టలారేయ పోతే
ఆయన గుంటల నీళ్లు నిలిచి ఉన్నయి,
భుజం కాడ వెడల్పు, కాళ్ల దిక్కు సన్నం,
ఎడమ పక్కకు కొంచెం వంకర
(ఎప్పుడూ ఎడమకే తిరిగి పండుకుంటడు).
ఒక పావురం
ఆయన మెడ కాడ నిలబడి
నీళ్లు తాగుతున్నది.
బకెట్ కింద పెట్టి
అది పోయేదాక ఆగిన.