అర్ధ రూపాయి

పగలు నాది పోర్టులో లోతులు రాసే ఉద్యోగం.
కాలవలో ఎక్కడ ఎన్ని మీటర్లు,
నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత ఇసుక చేరింది.
దక్షిణాన్నుంచి సముద్రం ఏడాది పొడుగునా ఇసుక మోసుకొస్తుంది,
డ్రెడ్జరు తోడి బీచి ఒడ్డున పోస్తుంది,
సముద్రం మళ్లీ పట్టుకుపోతుంది.
ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను.
పని అయిపోయింది అనే గడి నా రిజిస్టర్లో లేదు.

రాత్రి ఇంకో కాపలా.
తెడ్డు అని ఒక భాష, కంప్యూటరుకి చెప్పుకునేది.
శివాజీపాలెంలో ఒక మేడగదిలో
మూడు వేసవులు, తిరగని ఫ్యాను కింద కూచుని
హైమ పుట్టించింది.
ఓడకి చుక్కాని కావాలి గానీ
పడవకి తెడ్డు చాలదా అంది, పేరడిగితే.
ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు,
పైసా ఇవ్వక్కర్లేదని రాసిపెట్టింది.
అదే చిక్కు.
ఎవరైనా అంటే ఎంతమందో
రాసిన రోజున ఎవరూ లెక్కపెట్టుకోరు.

తర్వాత ఆమె అలసిపోయింది.
కోపం లేదు, జబ్బు లేదు.
ఒక ఆదివారం జగదాంబ దగ్గర పునుగులు తింటూ
"ఇంక నా మాటే ఆఖరి మాట కాకూడదు" అని
పొడుగాటి పాస్‌వర్డు
కాగితం ప్లేటు వెనక రాసిచ్చింది.
నూనె మరక కింద ఉన్నది సున్నానా, ఇంగ్లీషు ఓ నా
తేల్చుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు ఐదుగురం.
ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
ముగ్గురు చెయ్యెత్తితే మాట నిలుస్తుంది.
వాక్యం చివర చుక్క పెట్టాలా వద్దా అని
ఆరు వారాలు కొట్టుకున్నాం.
పెట్టాలని తేలాక ఫిన్లాండాయన
నాలుగు పేజీల ఉత్తరం రాశాడు
ఒక్క చుక్క లేకుండా

ఈ మాఘంలో నౌషీన్ వచ్చింది.
గాజువాక, పాలిటెక్నిక్ చివరి ఏడు.
భాషలో పదకొండేళ్ల తప్పు పట్టుకుంది:
అర్ధ రూపాయి వస్తే పైకి పోవాల్సింది
కిందికి పోతోంది.
నాలుగు వరసల్లో దిద్దింది.
చదివాను. ఎక్కడా తప్పు లేదు.
తప్పు లేకపోవడమే నన్ను నిద్రపోనివ్వలేదు.

ఫిషింగ్ హార్బర్లో పోలారావు ఐసు ఫ్యాక్టరీ ఉంది.
వాళ్ల తమ్ముడెప్పుడో తెడ్డులో రాసిన పద్దు
జిడ్డు కీబోర్డు మీద ఇంకా నడుస్తోంది,
అరవై రెండు బోట్ల బాకీ దాని కడుపులో.
తీసుకెళ్లాను ఆ పిల్లని.
దిమ్మలు జారుతున్నాయి. కాళ్లకింద ఉప్పునీళ్లు, పొలుసులు.

"అర్ద రూపాయి మాకొద్దు బాబూ, అది బోటోడిది.
మా అయ్య మాటది.
మీ మిసను కూడా అలగే సేత్తంది.
మంచి మిసను."

నౌషీన్ ఏమీ అనలేదు.
చున్నీ అంచు ముక్కుకి అడ్డంపెట్టుకుని
గోడమీది పాత సుద్దగీతలు చూస్తూ నిలబడింది.

చెయ్యెత్తే రోజున
తన దిద్దుబాటు తనే వెనక్కి తీసుకుని ఇంకోటి పెట్టింది.
కొత్త లెక్క సరైన లెక్కే.
పాత లెక్క కావాలంటే పేరుపెట్టి పిలవాలి.
పేరు: ఐసు.
మార్చుకోడానికి రెండేళ్ల గడువు.
ముగ్గురు అవునన్నారు.
రెసిఫే ఆవిడ, పాపకి జ్వరమని రాలేదు.
ఒకరు కాదన్నారు.

కాదన్నది నేనే.
ప్రతి దయకీ ఒక పేరు పెట్టుకుంటూ పోతే
పడవ ఎంతని మోస్తుందని నా భయం.
ఇప్పటికీ ఆ భయం పోలేదు.
కానీ తాళం నా దగ్గరుంది.
ఓడిపోయిన మాటని
తలుపు తీసి లోపలికి రానివ్వాల్సింది కూడా నేనే.

రాత్రి ఒంటిగంటన్నరకి కలిపాను.
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
పదేళ్లు పోయాక ఎవరో
ఐసేమిటి, ఎవడు పెట్టాడిది అని తిట్టుకుంటారు.
వాళ్లకోసం పక్కన ఒక ముక్క రాశాను:
"పోలారావుని అడగండి. ఆయన లేకపోతే
బోట్లవాళ్లని."

పోలారావు పద్దులో ఆ మాట నౌషీనే వెళ్లి చేర్చింది.
కూలి కింద ఒక వంజరం చేప తెచ్చుకుంది.

పొద్దున డ్యూటీ.
మూడో బోయా దగ్గర ఇసుక
ఇరవై సెంటీమీటర్లు పెరిగింది.
రాసుకున్నాను.