నూట నలభై నాలుగు

షార్జా రోలాల, పాత సామాన్ల దుకాణంల
లింబాద్రి బేరమాడి తెచ్చిన తెర
సెకనుకు నూట నలభై నాలుగుసార్లు రెప్ప కొడతదట.
మా కార్డేమో మూతబడ్డ ఆఫీసుల దొరికింది,
ఊదితే ఇసుక రాలింది.

సన్న కేబుల్ పెడితే
అరవై కాడ మొండికేసింది.
లిస్టు అక్కడికే ఖతం.

లావు తీగ దొరకవట్టె నెల.
ఇరవై నాలుగు పిన్నులు, ఒకటి వంగింది.
రోజంతా ఏసీలు విప్పే చేతులు
ఊపిరి బిగబట్టి
సూదితో దాన్ని నిలబెట్టినయ్.

నూట నలభై నాలుగు!
ఆట పెడితే కార్డు ఫ్యాను ఎగపోసింది,
బొమ్మ కుంటుకుంట నడిచింది.
ఆట తీసేసినం.

బాణం గుర్తునే ఒక్కొక్కలం
ఈ మూలకెల్లి ఆ మూలకు తిప్పినం,
పళ్లెంల పాదరసం లెక్క.

నా వంతు వచ్చేసరికి
కింద డ్యూటీ బస్సు
హారన్ కొట్టింది.